ఒళ్లు చేసే పని

సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లిన పిల్లవాడికి గడపలోనే ఎదురయ్యే మాట ఒకటుంది: "ఏమిట్రా, ఇలా చిక్కిపోయావు?" వాడు నిజంగా చిక్కాడో లేదో ఎవరూ తూచి చూడరు. నెల తిరిగి వాడు బండి ఎక్కేనాటికి "ఇప్పుడు కాస్త ఒళ్లు చేశాడు" అని నలుగురూ అనుకుంటే ఆ ఇంటికి తృప్తి. తెలుగువారి ఇళ్లలో ఒళ్లు చేయడం ప్రేమకు కొలత. అయితే అదే పిల్లవాడు పెద్దవాడై మరి రెండు ముద్దలు ఎక్కువ తింటే "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అన్న సామెత సిద్ధంగా ఉంటుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రంలో ఘటోత్కచుడు పెళ్లివారి వంటకాల ముందు కూర్చున్న దృశ్యాన్ని చూసి తరతరాలుగా జనం నవ్వుతూనే ఉన్నారు. తిండి తక్కువైతే జాలి, ఎక్కువైతే నవ్వు. తినడమే ఒక పనిగా, బరువు పెంచడమే బతుకుతెరువులో భాగంగా పెట్టుకున్న మనుషులు ఉంటారన్న సంగతి చాలామందికి తట్టదు.

2000 సంవత్సరం అక్టోబరులో మంగోలియా నుంచి కొందరు కుర్రవాళ్లు సుమో మల్లవిద్య నేర్చుకోవాలని జపాన్ దేశం వెళ్లారు. వారిలో ఒకడికి పదిహేనేళ్లు. తూకం 62 కిలోలు. తండ్రి 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో కుస్తీలో రజత పతకం గెలిచినవాడు. అయినా కొడుకు బక్క శరీరాన్ని చూసి ఏ గురువూ శిష్యుడిగా చేర్చుకోలేదు. తిరుగు ప్రయాణం దగ్గర పడినప్పుడు, చివరి ఘడియలో, ఒక గురువు సరేనన్నాడు. ఆ కుర్రవాడే తర్వాత హకుహో అన్న పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. 2007లో సుమోలో అత్యున్నతమైన యోకోజున హోదా పొందాడు. 2021లో విరమించేనాటికి 45 టోర్నమెంట్లు గెలిచాడు. అంతకుముందు ఎవరూ అన్ని గెలవలేదు. అప్పటికి అతని బరువు 150 కిలోలు దాటింది. 62 కిలోలకూ 150 కిలోలకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఒక మనిషి ఎలా నడిచాడో తెలుసుకుంటే తిండిపోతుతనం గురించి ఉన్న అభిప్రాయాలు కొన్ని మారక తప్పదు.

సుమో మల్లులు గురుకులం వంటి నివాసాల్లో ఉంటారు. వాటిని హెయా అంటారు. చాలామంది పదిహేనో ఏట, బడి చదువు ఒక మెట్టు ముగియగానే అక్కడ చేరతారు. చిన్నవాళ్లు తెల్లవారకముందే లేచి మట్టి గోదాలోకి దిగాలి. పొద్దున పలహారం ఉండదు. ఖాళీ కడుపుతోనే సాధన మొదలవుతుంది. కాలిని పక్కకు ఎత్తి నేలమీద దభీమని మోపడం, కొయ్య స్తంభాన్ని అరచేతులతో మోదడం, పాదాలను నేలనుంచి లేపకుండా ముందుకు జరపడం, ఎదుటివాడి రొమ్మును ఢీకొని అతన్ని గోదా అంచుదాకా నెట్టుకుపోవడం వందలసార్లు చేయాలి. పొద్దు బాగా ఎక్కేసరికి ఒళ్లంతా మట్టి, చెమట. పై హోదావాళ్లు ఆలస్యంగా గోదాలోకి దిగుతారు. కింది హోదావాళ్లు అప్పటికే అలసిపోయి, వారికి నీళ్లూ తువ్వాళ్లూ అందిస్తూ నిలబడి ఉంటారు.

సుమారు పదకొండు గంటలకు స్నానాలు, ఆపైన భోజనం. రోజుకు రెండే పూటలు. ఈ భోజనానికి చాంకో అని పేరు. మల్లులు వండుకునే వంట ఏదైనా చాంకోయే. అందులో బాగా పేరుపొందినది చాంకో నాబె. నాబె అంటే కుండ. పెద్ద కుండలో కోడిమాంసం, చేపలు, సోయా పాలను విరగ్గొట్టి చేసే టోఫూ, ముల్లంగి, క్యాబేజీ, పుట్టగొడుగులు వేసి ఉడికిస్తారు. టోర్నమెంటు రోజుల్లో కోడిమాంసానికి ప్రత్యేకమైన మర్యాద ఉంది. కోడి రెండు కాళ్లమీద నిలబడుతుంది. నాలుగు కాళ్ల జంతువు అంటే చేతులు నేలకు ఆన్చిన మల్లుడు గుర్తుకొస్తాడు. పాదాలు తప్ప ఒంట్లో ఏ భాగం నేలకు తగిలినా సుమోలో ఓటమే కదా! పరీక్ష రోజున ఫలానా చొక్కాయే తొడుక్కునే విద్యార్థికి ఈ నమ్మకం వింతగా తోచదు.

ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే ఆ కుండలో కొవ్వు తక్కువ. కూరగాయలు దండిగా ఉంటాయి. ఏ వైద్యుడూ తప్పుపట్టలేని వంటకం అది. ఒక గిన్నెడు తాగి లేచేవాడు లావెక్కడు. మల్లుడు మాత్రం గిన్నె తర్వాత గిన్నె, దానితోబాటు అన్నం, కొన్నిసార్లు బీరు తీసుకుంటాడు. సాధారణ మనిషి రోజంతా తినేదానికి రెండు మూడు రెట్లు లోపలికి వెళుతుంది. తిన్న వెంటనే పడుకుని చాలాసేపు నిద్రపోతాడు. లేచాక నివాసపు పనులు, రాత్రికి మళ్లీ భోజనం. ఉదయం ఖాళీ కడుపు, పగలు నిండు కడుపు, దానిమీద నిద్ర. బరువు ఈ వరసలోనుంచి పుడుతుంది. ఆకలి తీరిన తర్వాత కూడా తినడం కొత్తగా చేరినవాడికి సాధనకంటె కష్టమని తెలిసినవాళ్లు అంటారు. విందులో మొహమాటానికి మూడో లడ్డూ మింగినవాడు దీన్ని కొంత ఊహించుకోగలడు. ఆ మూడో లడ్డూ రోజూ, ఏళ్ల తరబడి ఉంటుంది.

కుండ చుట్టూ కూర్చోవడానికి కూడా హోదాల వరస ఉంది. మొదట గురువు, అతిథులు, పెద్ద హోదావాళ్లు తింటారు. చిన్నవాళ్లు వెనక నిలబడి వడ్డిస్తారు. వాళ్ల వంతు వచ్చేసరికి మాంసం ముక్కలు చాలావరకు అయిపోయి, కూరగాయలూ రసమూ మిగులుతాయి. బరువు అందరికంటె ఎక్కువ పెరగవలసినవాడు అందరికంటె చివర తింటాడు. శిక్షణలో ఇది భాగమని పెద్దలంటారు. పైకి రావాలన్న కసి దీనివల్లనే పుడుతుందని వాదిస్తారు. వాదంలో కొంత బలం లేకపోలేదు. అయినా ఎదిగే వయసులో ఉన్నవాడి గిన్నెను హోదానుబట్టి నింపడం న్యాయమని ఒప్పుకోవడం కష్టం. పెళ్లి పందిట్లో పిల్లల పంక్తి ముందు లేపే ఊళ్లవాళ్లకు ఇది మరీ కష్టం.

ఈ కష్టమంతా పడితే జీతం వస్తుందా? సుమోలో ఆరువందల మంది దాకా మల్లులుంటారు. నెలజీతం పై రెండు శ్రేణుల్లో ఉన్న 70 మందికే. మిగిలినవాళ్లకు తిండి, నివాసం, టోర్నమెంటుకు ఇంతని కొద్దిపాటి భత్యం దక్కుతాయి. రష్యాలోని బుర్యాతియా నుంచి 2000లో వచ్చి చేరిన ఒరోరా అనే మల్లుడు 2018లో 292.6 కిలోలు తూగాడు. సుమో చరిత్రలో అంత బరువు మరెవరూ తూగలేదు. పద్దెనిమిదేళ్లు గోదాలో ఉండి, అదే ఏడు విరమించేదాకా అతడు జీతం వచ్చే శ్రేణికి ఒక్కసారి కూడా చేరలేదు. మరోవైపు, 31 టోర్నమెంట్లు గెలిచి 1991లో విరమించిన చియోనోఫుజి బరువు 120 కిలోలకు కాస్త అటూ ఇటూ. తరచూ భుజం కీలు జారిపోతుంటే అతడు కండను పెంచి కీలును కాపాడుకున్నాడు. బరువు పెంచడమంటే ఏది పెంచడమో అతనికి తెలుసు.

మైనోఉమి కథ మరీ చిత్రమైనది. ఆ రోజుల్లో సుమోలో చేరడానికి కనీసపు ఎత్తు నియమం ఉండేది. అతడు పొట్టివాడు. నెత్తి చర్మం కింద సిలికోన్ పెట్టించుకుని కొలతకు నిలబడ్డాడు. బరువు సుమారు 100 కిలోలే. 1991లో తనకు దాదాపు రెట్టింపున్న అకెబోనోను పడగొట్టినప్పుడు జనం వెర్రెత్తిపోయారు. 1996లో హవాయి నుంచి వచ్చిన కొనిషికితో పోటీ పడినప్పుడు ఆ మహాకాయుడి భారం మోకాలిమీద పడి తీవ్రంగా గాయపడ్డాడు. చిన్నవాడు పెద్దవాణ్ణి గెలవడం ఎంత నిజమో, పెద్దవాడు మీద పడితే చిన్నవాడి ఎముక నలగడం అంత నిజం. వృత్తి సుమోలో బరువు తరగతులు లేవు. ఎదుటివాడు ఎంత తూగితే అంతకు తట్టుకోవాలి. కాబట్టి ఎవరూ తినడం ఆపలేరు.

కొనిషికి స్వయంగా ఈ పోటీ మూల్యం చెల్లించినవాడే. విదేశీయుల్లో ఓజెకి హోదా పొందిన మొదటివాడు అతడే. అది 1987లో. బరువు 280 కిలోలు దాటింది. 1997లో విరమించాడు. 2008లో కడుపు పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నాడు. గోదాలో ఉన్నన్నాళ్లు మల్లుల శరీరం వైద్యులను ఆశ్చర్యపరుస్తుంది. కొవ్వులో ఎక్కువ భాగం చర్మం కింద ఉంటుంది. పేగుల చుట్టూ చేరి గుండెకు, రక్తంలో చక్కెరకు ముప్పు తెచ్చే కొవ్వు అంత శరీరానికి ఉండవలసినదానికంటె తక్కువగా ఉంటుంది. రోజూ చేసే కఠోర సాధనే దానికి కారణం. సాధన ఆగిన రోజున ఆ రక్షణ తొలగిపోతుంది. ఆకలి మాత్రం అలవాటు ప్రకారం రోజూ వస్తుంది. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు తరుముకొస్తాయి. మాజీ మల్లుల సగటు ఆయుర్దాయం జపాన్‌లోని తక్కిన పురుషులకంటె తక్కువ.

ఇంత దూరం వెళ్లకుండానే ఇటువంటి బతుకు చూడాలంటే కొల్హాపూర్ ఉంది. మహారాష్ట్రలో ఉండే విద్యార్థులకూ బెళగావి వైపు విద్యార్థులకూ అది కొత్త ఊరు కాదు. అక్కడి తాలీమ్ అన్న మాటే తెలుగులో తాలింఖానా అయింది. వస్తాదు అన్న మాటా రెండు భాషలకూ ఉమ్మడి సొత్తే. రాజర్షి షాహూ మహారాజు కుస్తీని ప్రాణంలా చూసుకున్నాడు. 1912లో ఖాస్‌బాగ్ మైదానం కట్టించాడు. పహిల్వాన్ల తిండిని ఖురాక్ అంటారు. ఆ ఖురాక్‌కు సంస్థానం ఆదరణ ఉండేది.

మోతీబాగ్, గంగావేశ్ తాలీములకు పల్లెల నుంచి కుర్రవాళ్లు వస్తారు. చీకటితోనే లేచి గోదాలో ఎర్రమట్టిని పారతో తిరగవేయడం వాళ్ల మొదటి పని. ఆ మట్టికీ ఒక ఖురాక్ ఉంది. మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం పోసి దాన్ని మెత్తగా ఉంచుతారు. తర్వాత దండీలు, బస్కీలు, జోడీలతో కుస్తీ. సాధన ముగిశాక బాదం పప్పును నానబెట్టి, పొట్టు తీసి, రోట్లో నూరి, పాలలో కలిపి చేసిన తండాయి తాగుతారు. గంగావేశ్ దగ్గర గేదెను ఎదుటనే పితికి గ్లాసులో పోసి ఇచ్చే పాలకట్ట ఒకటి ఉంది. నురుగు చల్లారకముందే తాగేస్తారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, నెయ్యి, వేటమాంసం, ఆపైన నిద్ర. సాయంత్రం మళ్లీ మట్టి. వంట చాలాచోట్ల వాళ్లే చేసుకుంటారు.

1949లో కొల్హాపూర్ సంస్థానం బొంబాయి రాష్ట్రంలో విలీనమైంది. రాజుగారి ఖర్చు అంతటితో పోయింది. పాలు, నెయ్యి, బాదం పప్పుల ధర ఇప్పుడు ఎక్కువగా తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. రెండెకరాల రైతు ఒక కొడుకును తాలీములో పెడితే ఇంట్లో తక్కిన పిల్లలు తాగవలసిన పాలు ఎక్కడికి పోతాయో ఊహించవచ్చు. పహిల్వాను మెడలో పూలదండ పడినప్పుడు ఊరంతా చప్పట్లు కొడుతుంది. వాడి కండలో చెల్లెలి వంతు పాలు కూడా ఉన్నాయని ఆ వేళ ఎవరికీ గుర్తుండదు. ఈ ఒక్క విషయంలో రాజులకాలమే నయమనిపిస్తుంది. గెలుపు చూసి ఆనందించేవాడే తిండి ఖర్చు పెట్టుకునేవాడు. తెలుగువాడైన కోడి రామమూర్తి నాయుడి బతుకులోనూ అటువంటి ఆదరణ కనబడుతుంది. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ నడిపి, కలియుగ భీముడన్న బిరుదు పొందిన ఆ బలశాలి ఒడిశా ప్రాంతంలోని ఒక సంస్థానం నీడలోనే చివరి రోజులు గడిపాడు.

ఒళ్లు చేయడమంతా ఇష్టంతోనే జరుగుతుందనుకోవడం పొరపాటు. ఆఫ్రికాలోని మౌరిటేనియాలో లావుగా ఉన్న పిల్ల కలిగినింటి పిల్ల అన్న భావన చిరకాలం ఉండేది. పెళ్లి వయసు రాకముందే ఆడపిల్లలను కొవ్వెక్కించే పెద్ద ముత్తైదువల దగ్గర ఉంచేవారు. వారు పాత్రల కొద్దీ ఒంటె పాలు, ధాన్యపు జావ తాగించేవారు. తాగనని మొరాయిస్తే కాలివేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కేవారు. ప్రభుత్వమూ ఆ దేశపు స్త్రీలూ ప్రచారం చేయడంతో ఆచారం తగ్గింది గాని పూర్తిగా మాసిపోలేదు. దీనిముందు సుమో కుర్రవాడు స్వతంత్రుడే. గేటు దాటి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. కాని పదిహేనో ఏట సంతకం పెట్టినవాడు యాభయ్యో ఏట తన మోకాళ్లు ఎలా ఉంటాయో ఆలోచించి పెడతాడా? చూసి చెప్పవలసిన బాధ్యత చేర్చుకున్నవాడిది.

బరువు తరగతులు పెడితే సమస్య తీరిపోతుందని కొందరి అభిప్రాయం. ఔత్సాహికుల సుమోలో తరగతులు ఉన్నాయి. ఒలింపిక్ కుస్తీలోనూ ఉన్నాయి. అక్కడి సంగతి 2024 ఆగస్టులో పారిస్‌లో లోకమంతా చూసింది. 50 కిలోల తరగతిలో ఫైనల్‌కు చేరిన వినేశ్ ఫోగట్ ఆ ఉదయం సుమారు 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. రాత్రంతా తిండి, నీరు మాని చెమట పట్టించినా ఆ వంద గ్రాములు తగ్గలేదు. ఒకచోట తినలేక తినడం, మరొకచోట తాగవలసిన నీళ్లు తాగకుండా ఉండడం. తూకపు యంత్రం రెండుచోట్లా మనిషిని శాసిస్తూనే ఉంది. తరగతులు పెడితే మైనోఉమి వంటివాడు అకెబోనోను పడగొట్టే దృశ్యం సుమోలో ఇక ఉండదు. అది పోతే ఆటలో సగం పోయినట్టే. మార్చవలసినది బయటికి వెళ్లే దారిని. బరువు పెంచడానికి గురువు, కుండ, వేళ, నిద్ర అన్నీ ఏర్పాటు చేసిన నివాసమే విరమించినవాడికి బరువు దించడానికి కూడా అంతే శ్రద్ధతో ఏర్పాటు చేయాలి. ఎక్కడానికి మెట్లు కట్టినవాడు దిగడానికి కట్టకపోవడం కట్టడంలోని లోపమే.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్, యానాం వంటి ఊళ్లలో ఇప్పుడు వీధికో జిమ్ కనిపిస్తుంది. తోటివాళ్లు "కట్టెపుల్ల" అని ఏడిపించిన కుర్రవాడు అక్కడికి వెళ్లి నెల రోజుల్లో ఒళ్లు చేయాలనుకుంటాడు. దుకాణంలో పెద్ద డబ్బాలో పొడి దొరుకుతుంది. డబ్బామీద కండల మనిషి బొమ్మ ఉంటుంది. ఇంట్లో పప్పు, గుడ్లు, పాలు, వేరుసెనగలు, చేపలు ఉండగా నాన్నగారి రోజుకూలీలు కొన్ని ఆ డబ్బాకు పోతాయి. పొడితో ఆగితే డబ్బులతోనే నష్టం తీరుతుంది. కొందరు అక్కడినుంచి హార్మోను మందులకు వెళతారు. ఎదిగే వయసులో అవి ఎముకల పెరుగుదలను ముందే ఆపేయగలవు. గుండెకు, కాలేయానికి చేటు. సుమో గురువు ఎంత కఠినుడైనా శిష్యుడు ఏం తిన్నాడో, ఎంతసేపు నిద్రపోయాడో చూస్తూ ఉంటాడు. తాలీములో వస్తాదు అంతే. డబ్బా అమ్మినవాడు కొన్న కుర్రవాడి ముఖం మళ్లీ చూడడు.

టోక్యోలో సుమో భవనం ఉన్న రియోగోకు ప్రాంతంలో చాంకో నాబె పెట్టే హోటళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని నడిపేది మాజీ మల్లులే. సుమో సంఘంలో పెద్దలుగా ఉండిపోయే అవకాశం 105 మందికే కాబట్టి, శిఖ కత్తిరించుకుని బయటికి వచ్చినవాళ్లలో చాలామంది వేరే దారి చూసుకోవాలి. పొద్దున్నే ముల్లంగి తరగడం, కోడిని ముక్కలు చేయడం, కుండ కింద మంట సరిచూడడం వాళ్లకు చిన్న హోదాలో ఉన్నప్పుడే వచ్చిన పనులు. వచ్చినవాళ్లు ఒకటి రెండు గిన్నెలు తిని, బాగుందని చెప్పి, లేచి ఎవరి పనిమీద వాళ్లు వెళ్లిపోతారు. వాళ్లెవరూ భోజనం చేసి పడుకోరు.